మడ అడవికి మా ఆయన వేసిన ప్లాను

మా ఆయన ప్లానింగ్ ఇంజనీరు. ఏ పైపు ఏ రోజుకి ఎక్కడికి చేరాలో సౌదీలోని దమ్మామ్‌లో కూర్చుని ముందే చెప్పడం ఆయన ఉద్యోగం. అదే మనిషితో పక్కనే ఉన్న అల్ ఖోబర్‌లో ఎవరింటికైనా విందుకి బయల్దేరితే ఐస్‌క్రీం టైముకి చేరతాం. అయినా అక్క పడవ ప్రయాణం ఆయన చేతికే వెళ్ళింది. మా ఇంట్లో లాప్‌టాప్ తెరిచే మనిషి ఆయనొక్కడే మరి.

అక్కంటే సొంత అక్క కాదు. ఖతీఫ్‌లో నేను పనిచేసే ఆస్పత్రిలో సీనియర్ నర్సు, గుంటూరు వైపు మనిషి. కొత్తగా వచ్చినప్పుడు నేను బాత్రూంలో దాక్కుని ఏడుస్తుంటే తలుపు కొట్టి, ముందు అన్నం తిని తర్వాత ఏడవమన్నది ఆవిడే. మా వార్డు కిటికీలోంచి సముద్రం, అందులో పచ్చగా మడ అడవి కనిపిస్తాయి. ఇన్నేళ్ళూ రోగుల బీపీ చూస్తూ ఆ పచ్చదనాన్నీ చూసిందావిడ. ఒక్కసారి అక్కడికెళ్ళి ఆ ఆకు ముట్టుకోవాలని కోరిక. ప్రతి చలికాలం వచ్చే చలికాలానికి చూద్దాంలే అనుకున్నాం. ఈలోపు ఆవిడకి ఫైనల్ ఎగ్జిట్ పడింది. అది పడ్డాక విమానం ఎక్కడమే, మళ్ళీ రావడం ఉండదు. మా ముగ్గురికీ కలిసొచ్చే సెలవు ఒక్కటే మిగిలింది.

మా ఆయన రంగంలోకి దిగాడు. కెనడాలో ఎవరో పడవ నెత్తిన పెట్టుకుని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మోసుకెళ్ళే వీడియోలు చూశాడు. తెడ్డు వేస్తే ఎంత వేగం, ఎదురుగాలికి ఎంత తగ్గించాలి, అన్నీ లెక్కేశాడు. ఆటుకి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు దారిలో రెండు ఇసుక దిబ్బలు తేలతాయట. అక్కడ దిగి, పడవలు మోసుకుని దిబ్బ దాటి, అవతల మళ్ళీ నీళ్ళలో వేయాలి. ఆ నడకకీ టైం వేశాడు. పర్మిషన్ల సంగతి పడవలు అద్దెకిచ్చే అతను చూసుకున్నాడు. ఇదంతా చూసి, ఈయన నిజంగా ఇంజనీరేనేమో అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఆయన లెక్కలో లేనిది మా వంట. గోంగూర మాంసం, చేపల వేపుడు, పులిహోర, పెరుగన్నం అన్నీ స్టీలు క్యారియర్లలో సర్దాం. నీళ్ళ క్యాను, ఐస్ పెట్టె, చాప, టీ ఫ్లాస్కు, అక్కకి మోకాళ్ళ నొప్పి కాబట్టి ఒక మడత కుర్చీ. మనవాళ్ళం గడప దాటితే వంటిల్లు వెంట రావాల్సిందే. పడవలవాడు సామాను చూసి, ఇల్లు మారుతున్నారా అని ఉర్దూలో అడిగాడు.

మొదటి దిబ్బ దగ్గరే ప్లాను చేతులెత్తేసింది. పడవలు రెండు, మోసేవాళ్ళం ఇద్దరం. ఒక పడవ అవతల దింపి ఉత్త చేతులతో వెనక్కి రావాలి. రెండో పడవ మోసి మళ్ళీ ఉత్త చేతులతో రావాలి. తర్వాత క్యారియర్లు, ఐస్ పెట్టె, అక్క కుర్చీ, అక్క. మా ఆయన మాత్రం దిబ్బకి ఒకే ఒక్క నడక లెక్కేశాడు. వెనక్కి వచ్చే నడకలేమయ్యాయని అడిగితే, ఉత్త చేతులతో రావడానికి బరువేముంటుంది, అది లెక్కలోకి రాదన్నాడు.

రెండో దిబ్బకి చేరేసరికి నీళ్ళు మాకంటే తొందరలో ఉన్నాయి. మేం ఒక విడత సామాను దించి వచ్చేలోపు దిబ్బ ఇంకాస్త వెడల్పవుతోంది. అన్నీ చేరవేశాక చూస్తే అవతల పడవ వేయడానికి నీళ్ళు లేవు, నల్లటి బురద. అడవి ఎదురుగానే ఉంది. కొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ తిండి మొదటి దిబ్బ మీదే వదిలేసి ఉంటే ఈపాటికి అక్కడుండేవాళ్ళమని మా ఆయన గొణిగాడు.

“అన్నం వదిలేసి అడవికెళ్ళి ఏం జేస్తాం మరిదిగారూ, ఆకులు మేస్తామా?” అంది అక్క కుర్చీలో కూర్చుంటూ.

నవ్వుతూనే అంది కానీ కళ్ళు అడవి మీదే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన్నీ, ఆయన కంపెనీనీ, కెనడానీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు. చేతుల్లో ఏమీ లేవు కదా, మేం క్యారియర్లు విప్పి కంచాలు పెట్టేలోపు వెళ్ళి వచ్చేశాడు. తొడల దాకా బురద, చేతిలో రాలిన ఆకొకటి.

అక్క ఆకుని తిప్పి తిప్పి చూసి, దాని మీద తెల్లగా పేరుకున్నది నాలిక్కి తగిలించింది. మడ చెట్లు తాగిన ఉప్పంతా ఆకుల మీదికే కక్కేస్తాయి.

“నీ గోంగూరలో తక్కువైన ఉప్పు ఇక్కడుందే,” అంది నాతో.

తింటూ తింటూ కుర్చీ వెనక్కి తిప్పించుకుని ఆస్పత్రి కేసి చూసింది. వేలితో అంతస్తులు వెతుక్కుని మా వార్డు కిటికీ పట్టుకుంది. ఇంతేనా, ఈ అగ్గిపెట్టెలోనా నేనిన్నేళ్ళూ పరిగెత్తింది అంది. కుర్చీ మళ్ళీ అడవి వైపు తిప్పుతానంటే వద్దంది. చాలాసేపు ఆ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

పోటు వచ్చాక దిబ్బలు రెండూ మునిగిపోయాయి. మోసే పనే లేకుండా పడవల్లో కూర్చుని హాయిగా ఒడ్డుకి వచ్చేశాం. నిండు నీళ్ళప్పుడే బయల్దేరితే సరిపోయేదన్న మాట. వీడియోలో చూసినట్టు పడవ మోయాలన్న సరదాతోనే ఈ మహానుభావుడు ఆటు టైం ఎంచుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

అక్క వెళ్ళే రోజు దమ్మామ్ విమానాశ్రయం దాకా మేమే దింపాం. పెట్టెలు మోసేవాళ్ళం మళ్ళీ ఇద్దరమే. ఆకు ఫోను కవర్లో పెట్టుకుందావిడ. లోపలికి వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని, డ్యూటీలో పడి అన్నం మానొద్దని చెప్పింది. ఆవిడ ఏడవలేదు. నేను అక్కడే అందరి ముందూ ఏడ్చాను.

కారు ఎంతో దూరంలో లేదు. ఇద్దరం ఉత్త చేతులు ఊపుకుంటూ వెనక్కి నడుస్తున్నాం, ఎంతకీ రావడం లేదు. సగం దారిలో మా ఆయన ఆగాడు.

“దీనికి కూడా టైం వెయ్యలేదే నేను,” అన్నాడు.