చనిపోయినవాడు తిరిగొచ్చిన ఆట

రైలు పలాసలో ఆగగానే జీడిపిక్కలు కాల్చిన పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంది. మొన్న ఆ వాసనకి పాత రోజులు గుర్తొచ్చాయి. డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు ఈ ఊళ్ళోనే ఒక సినిమా హాల్లో మేనేజరుగా పనిచేశాను. ఉద్దానంలో కొబ్బరితోటలున్న వరలక్ష్మిగారు దాని యజమాని. ఇవాళ నేను సినిమాలకు కథలు, మాటలు రాసుకుని బతుకుతున్నానంటే, కథలో ఏది మోసమో మొదట చూపించింది ఆమే.

అప్పట్లో ఒక సూపర్ హీరో సినిమాలు భాగాలు భాగాలుగా వచ్చేవి. ప్రతిసారీ హాలు నిండేది. వరలక్ష్మిగారి భర్తకి అవంటే ప్రాణం. ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చి డయాలసిస్ మీద ఉన్నా, ఓపిక చేసుకుని బాల్కనీ చివరి వరసలో కూర్చునేవారు. హీరో చనిపోయిన భాగానికి హాలంతా ఏడుపే. జీడి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆయన మాత్రం భార్య భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "బాగా పోనాడే. సుట్టూ మనుసులున్నారు. బయపడలేదు," అన్నారు. ఆ వానాకాలంలోనే ఆయన పోయారు.

తర్వాతి భాగంలో హీరో బతికొస్తాడని ట్రైలరులోనే తెలిసిపోయింది.

"ఇది వెయ్యొద్దేమో అమ్మగారూ," అన్నాను.

"జనం సూత్తామంటే ఆపడానికి నానెవుర్ని పిల్లా?"

మొదటి ఆటకి ఆమె తలుపు దగ్గరే నిలబడ్డారు. నేను తెర వైపు చూడలేదు, ఆమెనే చూస్తున్నాను. హీరో కళ్ళు తెరిచాడు. ముందు వరసల్లో కాసిని ఈలలు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. వాడు ఎన్ని మేడలు కూల్చినా ఒక్కరూ ఊపిరి బిగబట్టలేదు. చీకట్లో ఫోన్లు వెలగడం మొదలైంది. ఆమె పిడికిలి గొళ్ళెం మీద బిగుసుకుపోయింది. ఆట ఆపించేస్తారేమోనని భయపడ్డాను.

ఇంటర్వెల్ కాకుండానే ఫ్యాక్టరీలో పనిచేసే పార్వతి బయటికొచ్చింది.

"ఏటే, అప్పుడే ఎల్లిపోతన్నావు?" అని వరలక్ష్మిగారు అడిగారు.

"సచ్చినా లెగిసొచ్చీవోడి కోసం నానెందుకు బయపడాలమ్మా? ఆరోజు ఏడిసినందుకు సిగ్గుగుంది," అంది పార్వతి.

వరలక్ష్మిగారు గొళ్ళెం వదిలేశారు.

ఆ పై భాగాన్ని మా హాల్లో వేయించడానికి డిస్ట్రిబ్యూటరు వచ్చాడు. "ఇందులో మళ్ళీ చనిపోతాడమ్మా, జనం విరగబడతారు," అన్నాడు. ఆమె వద్దన్నారు. వద్దంటే దసరాకి పెద్ద హీరో సినిమాని కూడా పక్కనున్న టెక్కలి హాలుకి ఇచ్చేస్తానన్నాడు. ఏడాదంతా మేము కాచుకుని ఉండేది ఆ సినిమా కోసమే. ఒప్పుకోమన్నట్టు ఆమె చెయ్యి నొక్కాను.

"ఇచ్చీండి బాబూ," అన్నారు ఆమె, గొంతు పెంచకుండా. "మా ఊళ్ళల్లో ఇంటికో సావుంది. ఒకసారి నమ్మి ఏడిసినారు. మళ్ళీ నమ్మండని నాను అడగలేను."

అన్నంత పనీ చేశాడతను. ఆ దసరాకి మా హాలు వెలవెలబోయింది. మరుసటేడు దాన్ని జీడిపిక్కల గోడౌనుకి ఇచ్చేశారు. ఆమె వద్దన్న ఆ సూపర్ హీరో సినిమా టెక్కలిలోనూ ఆడలేదని నేను చెబితే ఆమె సంతోషించలేదు. "పాపం, ఆళ్ళూ కట్టపడే తీసుంటారు," అన్నారు.

ఈమధ్య ఒక కథాచర్చలో దర్శకుడు, "ప్రస్తుతానికి వీణ్ణి చంపేద్దాం, కావాలంటే రెండో భాగంలో లేపుదాం," అన్నాడు.

"లేపేటట్టయితే చంపొద్దు," అన్నాను. అందరూ నావైపు చూశారు.

ఆ పాత్ర ఇంకా బతికే ఉంది. వాడు పోయే సీను రాయడానికి నాకింకా ధైర్యం చాలలేదు.