ఆ పొద్దు అంటుకోని పొయ్యి

మొన్న హన్మకొండలో మా చిన్నోడింట్లో స్నానాల గదిలో గ్యాస్ గీజర్ అంటుకోలేదు. నల్లా తిప్పితే లోపల టిక్కు టిక్కుమంటుంది తప్ప మంట రాదు. బాగుచేసే ఆయన వచ్చి డబ్బా విప్పి, సన్నని తీగతో ఎక్కడో పొడిచి, "బర్నర్ల చెత్త పడ్డదమ్మా, గంతే" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ స్నానాలకు పోయారు. నాకు మాత్రం అక్కడ నిలబడబుద్ధి కాలేదు. నలభై ఏళ్ల కిందట మట్టెవాడలో మా గ్యాస్ పొయ్యి అంటుకోని పొద్దు గుర్తొచ్చింది.

మా మామ జంపఖానాలు నేసేవాడు. బతుకంతా మగ్గం ముందు నూలు దుమ్ము పీల్చిన మనిషికి దమ్ము రాక ఏమొస్తుంది? అది లేచిందంటే మెడ నరాలు పగ్గాల్లా ఉబ్బేవి. మరిగే నీళ్ల గిన్నె ముందు పెట్టి, దుప్పటి కప్పి ఆవిరి పట్టిస్తే కాసేపటికి ఊపిరి దారికొచ్చేది. ఆ నీళ్లు కాగాలంటే కట్టెల పొయ్యి, దాని పొగకు మళ్లీ దమ్ము. దవాఖానలో డాక్టరమ్మ "ఇంట్ల పొగ ఉండొద్దు" అన్ననాటి నుంచి మా ఆయన గ్యాస్ కోసం పేరు రాయించి, మా వంతు నంబరు వచ్చేదాకా ఏళ్లు తిరిగాడు. గ్యాస్ వచ్చిన రోజు వాడకట్టంతా చూడ్డానికి వచ్చింది. మా అత్తమ్మ సిలిండర్‌కు దూరంగా నిలబడి దండం పెట్టింది. ఆ సంబరంలో పాత పొయ్యిని తవ్వి పారేశాం. పొగ పీడ పోయిందని మామే గడ్డపార పట్టాడు.

కానీ మా అత్తమ్మకు పొయ్యి అంటే పొయ్యే. పొద్దున్నే అలికి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టనిదే ఎవరినీ అగ్గిపుల్ల గీయనిచ్చేది కాదు. ఇనుప పొయ్యిని పేడతో అలకలేక ఆ లోటంతా పసుపుతో తీర్చుకునేది. తడి పసుపు మెత్తి, రెండు బర్నర్లకూ పక్షపాతం లేకుండా ఐదేసి బొట్లు పెట్టేది. "మెల్లగ దానికి చీర గూడ కడ్తది సూడు మీ అత్త" అని మామ నవ్వేవాడు. "నీకెందుకయ్యా, నీ ఊపిరి నిలవెట్టే తల్లి అది" అనేది ఆమె. నీలంగా ఉండాల్సిన మంట రాను రాను ఎర్రగా, చిన్నగా వస్తుంటే గ్యాస్ అయిపోవస్తున్నదేమో అనుకున్నాను. రెండో తరగతి దాటని దాన్ని, నాకేం తెలుసు?

అది శ్రావణమాసం. శుక్రవారం నాడు పసుపు ఇంకాస్త దండిగానే పడింది. తెల్లారి మామకు దమ్ము లేచింది. నీళ్ల గిన్నె పెట్టి పుల్ల గీశాను. అంటుకోలేదు. వానకు పుల్ల మెత్తబడిందేమోనని ఇంకోటి గీశాను. పుల్ల బాగానే మండుతోంది, పొయ్యిలోనే బుస్సుమనే చప్పుడు లేదు, వాసన లేదు. రెండో వైపూ అంతే. మా ఆయన సిలిండర్‌ను ఎత్తి చూసి "బరువే ఉన్నది గద" అన్నాడు. రెగ్యులేటర్ తీసి పెట్టాడు, పైపు ఒత్తి చూశాడు. అవతల మామ ఈల వేసినట్టు ఊపిరి తీస్తున్నాడు. అత్తమ్మ ఆయన వీపు రాస్తూ "అయినయా నీళ్లు? జర జల్ది కానియ్యుండ్రే!" అని అరుస్తోంది. ఇంట్లో ఇంకో పొయ్యి లేదు. మా ఆయన రిక్షా కోసం ఉరికాడు. నేను గిన్నె పట్టుకుని పక్కింటి చాచీ దగ్గరికి పరుగెత్తాను. ఆమె తన పొయ్యి మీది అన్నం దించేసి నీళ్లు పెట్టింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా, ఇగో మసుల్తానయ్" అంటూ ఊదుతూనే ఉంది. మరిగిన నీళ్ల గిన్నెను గుడ్డతో పట్టుకుని మా గడప దాటేసరికి లోపల ఈల చప్పుడు ఆగిపోయి ఉంది. దమ్ము తగ్గిందనుకున్నాను. ఆ ఒక్క క్షణం ఎంత సంతోషపడ్డానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆయన గుండె ఎప్పుడో అలిసిపోయిందనీ, ఆవిరితో ఆగేది కాదనీ తర్వాత డాక్టరమ్మ చెప్పింది. అత్తమ్మ తలకు ఎక్కలేదు. పదకొండు దినాలూ "నీళ్లు కాగితే బతికెటోడు" అంటూనే ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి ముట్టించలేదు, తిండి చుట్టాల ఇళ్ల నుంచి వచ్చింది. పన్నెండో నాడు నేను బర్నర్లు తీసి, కింద గ్యాస్ వచ్చే సన్నటి బెజ్జంలో సూదితో పొడిచాను. ఎండిన పసుపు పొడిపొడిగా రాలింది. రెండోదాంట్లోనూ అదే. పుల్ల గీస్తే మంట భగ్గున నీలంగా లేచింది.

"ఏమడ్డం పడ్డదే దాంట్ల?" గోడకు ఒరిగి కూర్చున్న అత్తమ్మ అడిగింది.

రాలిన పసుపును కొంగులోకి తీసుకున్నాను. "బొద్దింకత్తమ్మా" అన్నాను.

ఆనాటి నుంచి బొద్దింక కనపడితే చాలు, ఆమె చెప్పు తీసుకుని "నా ఇల్లు ముంచితివి గదనే" అని ఏడుస్తూ కొట్టేది. చూసినవాళ్లకు నవ్వొచ్చేది. నాకూ ఒకసారి నవ్వొచ్చి, వెంటనే దొడ్లోకి పోయి ఏడ్చాను. మొగుడు పోయిన మనిషి పసుపు ముట్టొద్దని పెద్దవాళ్లు ఆమె చేతిలోని గిన్నె తీసి నా చేతిలో పెట్టారు. ఆ ఆచారాన్ని ఎంత తిట్టుకున్నానో, అంతగా దాని చాటున దాక్కున్నాను. రోజూ పొద్దున "పొయ్యికి బొట్టు వెట్టినవానే?" అని అడిగేది. "వెట్టిన అత్తమ్మా" అనేదాన్ని, ఒట్టి చేతులతో. అట్లా ఇంకో పదమూడేళ్లు బతికింది. నిజం తెలిస్తే ఆమె నిలవదని అప్పుడనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను. ఒక్క పూట గడిస్తే చాలనుకుని ఆడిన అబద్ధం, చూస్తుండగానే నాతోపాటు ముసలిదైంది.