దుబాయ్ ఎయిర్‌పోర్టులో వెనక నుంచి వచ్చిన పిలుపు

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఒడిశా బరంపురంలో నాకు రంగులు, హార్డ్‌వేర్ షాపు ఉంది. దెయ్యం తిరుగుతుందని ఎవరూ అద్దెకు తీసుకోని ఇల్లొకటి ఊరి శివారు అంకులిలో ఉంటే, ఏరి కోరి దాన్నే గోడౌనుగా తీసుకున్నాను. అద్దె తక్కువ, పైగా దొంగలు కూడా రారు. ఇన్నేళ్ళలో అక్కడ నన్ను ఇబ్బంది పెట్టినవి ఎలుకలే.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే ఎవరినో నమ్మించాలని కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెడితే నాకైనా అర్థమవుతుందేమోనని.

మేం అమ్మే రంగుల కంపెనీ వాళ్ళు అప్పుడప్పుడు డీలర్లను విదేశాలు తిప్పుతారు. ఆసారి దుబాయ్ అన్నారు. డీలరుతో పాటు ఇంకొకరు రావచ్చు. మా ఆవిడ పద్మ రానంటే రానంది. "బరంపురం ఎండ సాల్లేదని ఎడారికెల్లాలేటి? మావయ్యగారిని తీసుకెల్లండి. పాపం ఆయన ఇమానం ఎక్కనేదు కదా" అంది.

నాన్నకి డెబ్బై దాటాయి. షాపు పెట్టింది ఆయనే. ఇప్పటికీ పొద్దున్నే వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే గాని తోచదు. విమానం అనగానే పైకి వద్దు వద్దంటూనే మర్నాడే కొత్త చెప్పులు కొనుక్కున్నారు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదన్నది అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో అది చట్టం. పొరపాటున ఎవరైనా పిలిచారా, వెళ్ళేవాడు వెనక్కి వచ్చి కూర్చోవాలి, రెండు గుక్కలు మంచినీళ్ళు తాగాలి, అప్పుడు మళ్ళీ బయల్దేరాలి. నాన్న ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినరు. రైలు తప్పిపోయినా సరే, కూర్చుని నీళ్ళు తాగాల్సిందే.

ఈ చట్టాన్ని రోజూ ఉల్లంఘించిన మనిషి మా నర్సమ్మత్త. నాన్నకి అప్ప, అంటే అక్కగారు. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లిలేని తమ్ముణ్ణి తనే పెంచింది. ఆవిడకో జబ్బు ఉండేది. మనిషి ఇంట్లో ఉన్నంతసేపూ ఏమీ గుర్తుకురాదు. గడప దాటి వీధిలో కాలు పెట్టగానే అన్నీ గుర్తొచ్చేస్తాయి. "కామేసూ... ఆగాగు!" అని నాన్నకి కేక; ఆయన పేరు కామేశ్వరరావు. గొడుగు మర్చిపోయాడనో, క్యారేజీ మర్చిపోయాడనో. 'ఆగు' అని ఒకసారి అనడం రాదు ఆవిడకి, ఎప్పుడూ 'ఆగాగు' అనే.

నాన్న పళ్ళు కొరుక్కుంటూ వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చేది. ఆయన తిట్టేవారు, తాగేవారు, వెళ్ళేవారు. ఆవిడ నవ్వేసి లోపలికి పోయేది. మా చిన్నప్పుడు ఇది మాకు రోజూ పొద్దుటి వినోదం. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

దుబాయ్ గురించి ఎక్కువ చెప్పను, అందరూ వీడియోల్లో చూసిందే. నాన్న ఆకాశాన్నంటే మేడలు చూశారు, ఇసకలో జీపెక్కారు, మాల్‌లో చలికి తువ్వాలు చెవులకి చుట్టుకున్నారు. "గోపాల్‌పూర్ల ఇసకుంది, సముద్రముంది. మనకెందుకు రానేదురా ఈ మేడలు?" అని అడిగారు. మా గుంపులో అస్కా నుంచి వచ్చిన సాహుబాబు అనే ఒడియా డీలరు ఉండేవాడు. నాన్నకీ ఆయనకీ బాగా కుదిరింది. ఇద్దరూ ఒడియాలో కబుర్లు చెప్పుకుంటూ కంపెనీ వాళ్ళు పెట్టిన బిర్యానీని తిట్టుకునేవారు.

చివరి రోజు పొద్దున నాన్న టిఫిన్ తినలేదు. గ్యాస్ పట్టిందని సంచిలోంచి వాము తీసి నమిలారు. ఎడమ భుజం రుద్దుకోవడం నేను చూశాను. జీపు కుదుపులకి పట్టేసిందనుకున్నాను. ఆయన కూడా అదే అన్నారు.

మధ్యాహ్నం విమానం. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో దారి పట్టుకోవడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అద్దంలా మెరిసే నేల, ఎటు చూసినా బాణం గుర్తులు, నడిచినకొద్దీ వచ్చే హాళ్ళు. చక్రాల కుర్చీ అడుగుదామంటే నాన్న మండిపడ్డారు. "నానేటి రోగినేట్రా? నడిసే వత్తాను" అన్నారు. చెకింగులో నీళ్ళ సీసా తీసేశారని తెగ గుంజాటన పడి, లోపలికెళ్ళాక ఇంకో సీసా కొనిచ్చేదాకా కదల్లేదు. రెండు పాస్‌పోర్టులూ, రెండు బోర్డింగ్ పాసులూ నా దగ్గరే ఉన్నాయి. ఆయన దగ్గర ఫోనుంది గాని అక్కడ పని చెయ్యదు.

మా విమానం ఆగేచోటికి వెళ్ళాలంటే ఎయిర్‌పోర్టు లోపలే చిన్న రైలు ఎక్కాలి. డ్రైవరుండడు. గాజు తలుపులు వాటంతటవే తెరుచుకుని, కాసేపటికి వాటంతటవే మూసుకుంటాయి. మా గుంపులో చాలామంది ముందు రైల్లో వెళ్ళిపోయారు. మిగిలింది సాహుబాబు, నేను, నాన్న. రైలు వచ్చింది. సాహుబాబు ఎక్కాడు. రెండు చేతుల్లో రెండు బ్యాగులతో నేనెక్కాను. నాన్న నా వెనకే ఉన్నారు.

అప్పుడు వినపడింది.

"కామేసూ... ఆగాగు!"

గొంతు దూరం నుంచి వచ్చినట్టు లేదు. మా అరుగుకీ గడపకీ మధ్య ఎంత దూరమో అంత దూరం నుంచి వచ్చింది. ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు, ఆశ్చర్యమూ కలగలేదు. నిజం చెప్తున్నాను, 'అబ్బా, మళ్ళీనా' అని విసుగొచ్చింది. చిన్నప్పుడు వచ్చే విసుగే. ఆవిడ పోయి ఏళ్ళయిందన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

తిరిగి చూసేసరికి నాన్న రైలు బయటే ఉన్నారు. నాకు వీపు కనిపిస్తోంది. నేను "నాన్నా" అని అరిచాను. తలుపులు మూసుకున్నాయి. చెయ్యి అడ్డం పెట్టబోతే సాహుబాబు గబుక్కున నన్ను వెనక్కి లాగాడు. రైలు కదిలింది.

సాహుబాబు నన్ను ఒడియాలో మొట్టమొదట అడిగిన మాట ఇది: "ఆ పిలిచిన ముసలావిడ ఎవరు? మీ వాళ్ళా?"

నా తలలో నాన్న ఒక్కరే ఉన్నారు. ఆయన చేతిలో పాస్‌పోర్టు లేదు, ఫోను పని చెయ్యదు, ఇంగ్లీషు రాదు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. అటువైపు దిగి, కనిపించిన ఉద్యోగినల్లా పట్టుకుని బతిమాలాను. ఒక అమ్మాయి వైర్‌లెస్‌లో మాట్లాడి, వేరే దారిలో నన్ను వెనక్కి తీసుకెళ్ళింది.

రైలెక్కేచోట గోడవారగా కుర్చీలున్నాయి. ఒక కుర్చీ కింద నాన్న నీళ్ళ సీసా పడి ఉంది. మూత తీసి ఉంది. నాన్న లేరు.

పక్కనే, పరిగెత్తితే చటుక్కున చేరేంత దూరంలో, ఎయిర్‌పోర్టు వాళ్ళ క్లినిక్ ఉంది. నాన్న అక్కడ మంచం మీద ఉన్నారు. ఛాతీ మీద వైర్లు, ముక్కుకి గొట్టం. కేరళ నర్సొకామె నా భుజం మీద చెయ్యి వేసి, ఆయన బతికే ఉన్నారని ముందు చెప్పి, తర్వాత మిగతాది చెప్పింది. గుండెపోటు. కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగుతూ ముందుకి ఒరిగిపోయారట. క్లినిక్‌లోంచి బయటికొస్తున్న మనిషి కళ్ళ ముందే జరగడంతో క్షణాల్లో అందుకున్నారు.

అక్కణ్ణుంచి ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్టెంటు వేశారు. విమానం ఎక్కేసి ఉంటే ఏమయ్యేదని డాక్టరుని అడిగాను. ఆయన అలాంటివి ఇప్పుడెందుకు ఆలోచిస్తారన్నాడు. నాకు జవాబు అర్థమైంది. కారిడార్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మర్నాడు ఎయిర్‌పోర్టు భద్రతా సిబ్బందిలో ఒకాయన వివరాల కోసం వచ్చాడు. హిందీ బాగా మాట్లాడాడు. మీ నాన్నగారితో ఉన్న ఇంకో మనిషి ఎవరని అడిగాడు. ఎవరూ లేరన్నాను. నాన్న తనే పడిపోయారా, ఎవరైనా తోశారా అని కెమెరాలో చూశారట. రైలెక్కబోతూ ఆయన ఆగి వెనక్కి తిరిగారు. చెయ్యి విసురుతూ ఎవరితోనో మాట్లాడారు. తర్వాత వచ్చి కూర్చుని నీళ్ళు తాగారు. మాట్లాడినంతసేపూ ఆయన ఎదురుగా ఎవరూ లేరు, అందుకే అడుగుతున్నానన్నాడు. ఆ వీడియో నేను కళ్ళారా చూడలేదు. ఆయన చెప్పింది చెప్తున్నాను.

ఇంటికొచ్చాక నాకు తోచిన సమాధానాలన్నీ చెప్పుకున్నాను. దుబాయ్ నిండా తెలుగువాళ్ళే. మా వైపు కామేశ్వరరావులకి కరువు లేదు. ఎవరో ఆవిడ వాళ్ళ కామేసుని పిలిచి ఉండొచ్చు. కాని రైలు దగ్గర అలాంటి ఆవిడ ఉండి ఉంటే నేను చూసేవాణ్ణి, కెమెరా చూసేది. రక్తం సరిగా అందక నాన్నకి చెవుల్లో ఏదో వినపడిందనుకుందామా? మరి నాకు గుండెపోటు రాలేదే. చిన్నప్పటి అలవాటు కొద్దీ నేను ఊహించుకున్నాననుకుందామా? సాహుబాబు మా అత్తని ఎరగడు.

పని కల్పించుకుని అస్కా వెళ్ళాను. ముందుగా నేనే మాటా అందించకుండా, ఆ రోజు ఏం విన్నారని మాత్రమే అడిగాను. ఆయనకి తెలుగు అంతంతమాత్రం. టీ గ్లాసు కింద పెట్టి, ఆ పిలుపుని ఉన్నదున్నట్టు పలికి చూపించాడు. 'ఆగాగు' అని, ఆ సాగదీతతో సహా. నేను టీ తాగకుండానే లేచి వచ్చేశాను.

బంధువులు వరసపెట్టి వచ్చి నర్సమ్మత్తే కాపాడిందని దండాలు పెట్టారు. పద్మ ఆవిడ ఫొటోకి కొత్త దండ వేసింది. నాన్న మాత్రం ఆ ప్రస్తావన వస్తే చాలు, లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేవారు. పోనీ అక్కడ ఎవరితో ఏం మాట్లాడావు నాన్నా అని అడిగితే, మందులేసుకునే టైమైందనేవారు.

నెలలు గడిచాక, ఆయన మళ్ళీ షాపుకి రావడం మొదలుపెట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం బేరాల్లేక ఖాళీగా ఉన్నాం. నేనేమీ అడగలేదు. ఆయనే ఎత్తారు.

"తిట్టాన్రా."

చేతిలోని బిల్లు పుస్తకం పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాను.

"దాని గొంతే. తిరిగి సూత్తే ఎవులూ నేరు. ఐనా నోటికి అలవాటైపోనాది కదా, ఊరుకున్నానేటి? 'నీ నోరు పడిపోనూ, దుబాయికి కూడా తయారైపోనావా, ఇంక నోర్మూసుకో' అన్నాను. అంతే. నోరు మూసేసుకుంది."

కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తుడిచింది కళ్ళజోడు కాదు.

"బతికున్నన్నాళ్ళూ ఎందుకు పిల్సినావప్పా అని ఒక్క పాలి అడగనేదురా. కూకోడం, తిట్టడం, నీళ్ళు తాగి ఎల్లిపోడం. సచ్చిపోయి కూడా అంత దూరం వొచ్చింది సూడు. అప్పుడూ తిట్లే తిన్నాది."

ఆయన అంత గట్టిగా ఏడవడం నేను అత్త పోయినప్పుడు కూడా చూడలేదు. షట్టరు సగం దించాను. పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఓదార్చే మాట నా దగ్గర ఒక్కటే ఉంది: అక్కడెవరూ లేరు నాన్నా, జబ్బు మనిషివి, అదంతా నీ భ్రమ, నువ్వెవరినీ తిట్టలేదు. ఇంకెవరి తండ్రికైనా అయితే ఆ మాట ఇట్టే అనేసేవాణ్ణి. నేను ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. జరిగినదానికి కారణం చెప్పమంటే చెప్పలేను. కాని ఆ ఒక్క మాట నాన్నతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆ గొంతు నేనూ విన్నాను.