పసుపు పూసిన హద్దురాయి

మంగళవారం పొద్దున. తులసికి నీళ్లు పోసి, దీపం వెలిగించి, పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగు వస్తుండగా ఫోన్ మోగింది. మరదలు.

"వదినా, మీ తమ్ముడు ఇగ లేడు."

తన బస్సులో నీళ్ల డ్రమ్ము నల్లా బాగుచేస్తానని ఎక్కాడట. పానా చేతిలో పట్టుకునే మంచం మీద ఒరిగిపోయాడట.

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, విసుగు. జన్మలో ఎక్కడికీ వేళకు చేరనివాడు. దీనికి మాత్రం అంత తొందరేమొచ్చింది?

ఆ బస్సు సంగతి చెప్పాలి. తమ్ముడు బొగ్గుగనిలో డంపర్ నడిపేవాడు. పాత స్కూలు బస్సొకటి కొని, సీట్లు పీకేసి, మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము బిగించాడు. సెలవు దొరికితే మమ్మల్ని అందులో ఎక్కించి అడవి దారి పట్టేవాడు. స్పీడు నలభై దాటదు. గిన్నెల మోత. డ్రమ్ము కారి ప్రతిసారీ నా పరుపే తడిసేది.

పైగా ఆ రాళ్లు. ఒకప్పుడు నిజాం రాజ్యానికీ ఇంగ్లీషువాళ్ల ఏలుబడికీ మధ్య పాతిన హద్దురాళ్లు. ఒకటి కనబడితే చాలు, బస్సు ఆగాల్సిందే. కొబ్బరిపీచుతో రుద్ది, అక్షరాలు చదివి, నోటుబుక్కులో రాసుకునేవాడు. మేం లోపల ఉడికిపోయేవాళ్లం.

"ఇంకెంతసేపురా?" అంటే ఒకటే మాట. "రాముడు పద్నాలుగేండ్లు అడవిల ఉన్నడు పెద్దక్కా. నువ్వు పావుగంట ఉండలేవా?"

ఒక కార్తీకంలో భద్రాచలం బయల్దేరాం. మధ్యాహ్నం గుడి మూసేలోపు చేరాలి, నాకు మొక్కు ఉంది. అశ్వారావుపేట పామాయిల్ తోటలు దాటాక ఒక పల్లె పొలిమేరలో బస్సు ఆగింది. పసుపు కుంకుమలతో ఒక రాయి. దిగొద్దంటున్నా దిగాడు. నీళ్లు పోసి పసుపంతా రుద్ది కడిగేశాడు.

మేకలు కాస్తున్న ముసలమ్మ కర్రతో పరుగెత్తుకొచ్చింది.

"నీ చేతులు పడిపోను! మా తల్లి మొహం కడిగినవేందిరా?"

"అమ్మా, ఇది నిజాం కాలం హద్దురాయి..."

"నిజామో గిజామో! మా పోరల జరాలు తగ్గించేది ఈ తల్లే!"

డంపర్ నడిపే మనిషి, ఆమె ముందు బడిపిల్లాడిలా నిలబడ్డాడు. నేను దిగాను. సీతమ్మవారి కోసం తీసుకెళ్తున్న పసుపంతా ఆ రాయికి పూశాను. కుంకుమ పెట్టి, ఆమె చూస్తుండగా దండం పెట్టాను. ఆమె కర్ర దించింది. తమ్ముడి వైపు చూసి, "అక్క ఉండబట్టి బతికినవ్, పో!" అంది.

భద్రాచలం చేరేసరికి గుడి తలుపులు మూసేశారు. సాయంత్రం దాకా వాడితో మాట్లాడలేదు. గోదావరి ఒడ్డున టీ తెచ్చి పక్కన పెట్టాడు.

"కోపముంటే ఉండనీ. టీ తాగు, చల్లారుద్ది."

అప్పట్నించి బస్సులో ఒక పసుపు డబ్బా చేరింది. ముందు ఊళ్లోవాళ్లను అడిగేవాడు. వాళ్లు సరేనంటేనే కడిగేవాడు. చదివాక తానే పసుపు పూసేవాడు, మోచేతుల దాకా పూసుకుని. ఆ ముసలమ్మ రాయి దగ్గర మాత్రం బస్సు ఆపి, దిగకుండా దండం పెట్టేవాడు. దానికీ ఆలస్యమే.

వాడు పోయిన మూడోరోజు సాయంత్రం అందరం కూర్చున్నాం. అస్థికలు గోదావరిలో కలపాలి.

"కారులో పోతే జల్దీ అయిపోతది అక్కా," అన్నాడు చిన్న తమ్ముడు. "ఆ బస్సులో పోతే ఎప్పటికి చేరేది?"

మరదలు బస్సు తాళం తెచ్చి నా ముందు పెట్టింది. అందరూ నా వైపు చూశారు. ఆ బస్సును అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే.

తాళం తీసి చిన్న తమ్ముడి చేతిలో పెట్టాను.

బస్సులోనే పోవాలని తేలింది. నలభై దాటకూడదు. దారిలో ప్రతి రాయి దగ్గరా ఆగాలి. అస్థికల కుండ మరదలి ఒళ్లో, పసుపు డబ్బా నా ఒళ్లో.