పిట్ట ముట్టిన బాట

మా ఏటి ఒడ్డున మేసిన బర్రె పాలలో గరిటె నిలబెడితే పడదని మా అవ్వ చెప్పేది. నేను చెప్పేటప్పుడు గరిటె బదులు రోకలి అంటాను. నారాయణఖేడ్ పక్క వాళ్ళం, ఉన్నదున్నట్టు చెబితే మాకు అన్నం అరగదు.

డెబ్బయ్యవ దశకం చివర్లో ఒక ఎండాకాలం, ఆ ఒడ్డుకు పోయే బాటకు అడ్డంగా పటేలు తుమ్మకంప వేయించాడు. బాట ఆయన చేను అంచు వెంబడే మంజీరలోకి దిగుతుంది. తాతలనాటి నుంచి ఊరంతా నడిచిందే. పశువులు తన కూరగాయల మడులు తొక్కుతున్నాయని ఆయన బాధ. అవ్వ బాధ వేరు. ఊళ్ళో బావులు ఎండిపోయాయి. మా ఇల్లు నడిచేది ఆమె బర్రెల పాలతోనే. వాటిని గుట్ట చుట్టూ తిప్పి అవతలి రేవుకు తోలుకుపోతే, నీళ్ళు తాగి ఇంటికొచ్చేసరికి మళ్ళీ దప్పికయ్యేది. పాలు సగానికి పడిపోయాయి.

అవ్వ పోయి అడిగింది.

"ఏం పటేలా, ఏరు గుడ నీదేనా?"

"ఏరు నాది గాదక్కా, బాట నాది. ఎగిరి పోతే పో, ఎవలద్దన్నరు?"

"నేనైతే ఎగుర్త. బర్రెలకు రెక్కలు నువ్వు కుట్టిస్తవా?"

పటేలు నవ్వాడు గానీ కంప తీయలేదు.

నెల తిరగకముందే పటేలు తల్లి పోయింది. మూడోనాడు ఆ ఒడ్డునే పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే వాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయినట్టే.

అన్నం, కోడికూర, గారెలు, ముసలమ్మకు ప్రాణమైన కల్లు, అన్నీ పెట్టారు. కాకులు మాత్రం చెట్టు మీద బారుగా కూర్చుని, పెళ్ళిలో రెండు బంతులు తిని లేచినవాళ్ళలా చూస్తున్నాయి.

"అమ్మా, చెల్లెకు చీర పెడ్త" అన్నాడు పటేలు. కదల్లేదు. "పోరగాండ్లను ఇగ కొట్ట." ఊహూ. పొద్దు నెత్తి మీదికొచ్చింది. పిట్ట ముట్టందే ఎవరూ తినకూడదు. చుట్టాల కడుపులు నకనకలాడుతున్నాయి.

అప్పుడు అవ్వ ఎవరితోనో అన్నట్టు అన్నది: "పాపం, ముసల్ది దినాం గీ బాటెంబడే ఏటికొస్తుండె. కంప జూసి మళ్ళిపోతున్నదేమో."

పటేలు కంప వైపు తిరిగాడు. "తియ్యిండ్రిరా" అన్నాడు. లాగి పారేశాక చేతులు జోడించాడు. "అమ్మా, గీ బాట ఇగ ఎవలకూ బంద్ జెయ్య. తిను."

ఒక కాకి దిగింది. ముందు పటేలుకు దండం పెట్టి, ఆ తర్వాతే గారె అందుకున్నదని నేను చెబుతాను. దండం సంగతి మీ ఇష్టం.

ఆ పొద్దున మా ఇంట్లో గంపెడు జొన్నరొట్టెలు మాయమయ్యాయి. ఏమైనయే అని అడిగితే, "బర్రెలు తిన్నయి" అన్నది అవ్వ.

"బర్రెలకు రొట్టెలు ఎవలు పెడ్తరే?"

"గవీ నల్లగనే ఉంటయి, కాకులూ నల్లగనే ఉంటయి. నాకు కండ్లు సరిగ్గ కనవడయి బిడ్డా."

"కడుపు నిండినయి మళ్ళెట్ల తిన్నయి?"

"కాకి కడుపెంత? జల్దీ అరుగుతది."

తొంభైల్లో అవ్వ పోయింది. అదే బాటన పోయి, అదే ఒడ్డున విస్తరి వేశాం. అన్నం ఇంకా వడ్డించనే లేదు, కాకులు వచ్చి మూగాయి. కట్టె పట్టుకుని మెల్లగా వచ్చిన పటేలు పళ్ళు లేని నోటితో నవ్వాడు.

"పాత దోస్తులు గదా" అన్నాడు. "మీ అవ్వ పెట్టిన రొట్టెలు మరుస్తయా?"