బాపు పప్పులో చేదు

మా వదిన బాపుకు అన్నంలో మందు పెట్టిందని మా చుట్టాల్లో ఇప్పటికీ అంటారు. ఆ మాట పుట్టింది నా వల్ల. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల్లో మాదన్నపేట ఇంట్లో ఉండేది నలుగురం: బాపు, అన్న, వదిన, నేను. అమ్మ అప్పటికే లేదు. టైఫాయిడ్ వచ్చి బాపు సగమయ్యాడు. వేరే నూనె ఏదీ వద్దని, రోజూ అన్నంలో రెండు చెంచాల అక్రోటు నూనె పోయమన్నాడు హకీం. పత్తర్‌గట్టిలో సీసా కొన్నది నేనే.

"ఇస్కో ఆగ్ నక్కో దిఖావో భాయ్, కడ్వా హో జాతా" అన్నాడు దుకాణదారు. మంట చూపిస్తే చేదెక్కుతుందని ఇంటికొచ్చి వదినకు చెప్పాను. ఆమె వడ్డించాక పైన పచ్చిగానే పోసేది.

బాపు రోజూ సణిగేవాడు. "తాలింపు లేని పప్పు తినుడేంది, నేనేమన్న పసిపిల్లగాన్నా?"

ఒక ఆదివారం వదిన కూరగాయలకు పోయింది. బాపుతో శభాష్ అనిపించుకోవాలని నాకు ఆశ. పల్లినూనె కాచినట్టే ఆ నూనెను పొగలొచ్చేదాకా కాచి, ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పప్పులో పోశాను. దుకాణదారు మాట గుర్తుంది. ఒక్క తాలింపుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

వదిన వస్తూనే వాసన పట్టింది. "ఏంది మరిదీ, పెండ్లికి ముందే పొయ్యికాడ కొలువు చేస్తున్నవా?" అని నవ్వి, ఆ పప్పే వడ్డించింది.

మొదటి ముద్దకే బాపు ఉమ్మేశాడు.

"ఏం కలిపినవ్ గిందుల?"

"నేనేం కలుపలే మామా."

"విషం లెక్క చేదున్నది. మందు పెట్టినవా? ఇంట్ల అందరు నీ మాటే వినాల్నా?"

వదిన నా వైపు చూసింది. నేనే చెప్తానని ఆగింది. నేను కంచంలోకి చూస్తూ కూర్చున్నాను.

మరునాటి నుంచి బాపు ఆమె చేతి తిండి ముట్టలేదు. సంతోష్‌నగర్‌లోని అక్క ఇంటి నుంచి క్యారియర్ వచ్చేది. సైకిల్ మీద తెచ్చేది నేనే. బాపు తిన్నాక గిన్నెలు కడిగేది వదిన. బాపు పోయేదాకా, నాలుగేళ్లు, అట్లాగే నడిచింది.

దినాలు అయిపోయినంక ఆమెతో అన్నాను. "ఆ తాలింపు నేనే పెట్టిన వదినా."

"నాకెరుకలేదా? చెప్పాల్సింది బాపుకు."

కడిగి ఆరబెట్టిన క్యారియర్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇగ దీంతోటి పనిలేదు. అక్కకు ఇచ్చి రా."