రాని లెక్కలు

నిన్న అనంతపురంలో ఒక జిరాక్స్ షాపు ముందు పోతుంటే మైదా జిగురు ఉడుకుతున్న వాసన వచ్చి కాళ్లు ఆగిపోయాయి. ఖాదర్ సార్ చేతులు ఎప్పుడూ ఆ వాసనే వేసేవి. ఉరవకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరై, తమ్ముడి బైండింగ్ అంగట్లో కూర్చునేవారు. నేను మండలాఫీసులో టైపిస్టును. డిగ్రీతో ఆగిపోయిన గణితాన్ని నా అంతట నేనే చదవాలని ముప్పై దాటాక పిచ్చి పట్టింది. దేని తరువాత ఏదో చెప్పే దిక్కు లేదు.

ఆరు పుస్తకాలు జిరాక్స్ తీయించి, బైండింగుకని సంచీలో మోసుకుపోయాను. ఏది ముందు చదవాలి సార్ అంటే, వచ్చిన లెక్కలు వద్దు, రాని లెక్కలు రాసుకొని రా, అంతవరకు ఒక్కటీ కుట్టను అన్నారు. ఇదేం పేచీరా దేవుడా అనుకున్నాను. నాకు ఎమ్మెస్సీ వాళ్లు చదివే టోపాలజీ కావాలి. ఆ పేరంటేనే మోజు.

రాని లెక్కలు రాసి ఒకరికి చూపించడం ఎంత సిగ్గో చూపించినవాళ్లకే తెలుసు. ఘనంగా కనిపించే పన్నెండు ఏరి, నేను చేయబోయి ఆగినంతవరకు రాసి తీసుకెళ్లాను. సార్ పెన్సిల్ తీసి ఒక్కోదాంట్లో ఒక్కో వాక్యం కింద గీత గీశారు.

"ఊరూరికీ ఒగ బోరుండాది. ఊర్లన్నిటికీ కలిపి ఒగటే బోరుండాది. ఈ రెండు మాటలూ ఒగటేనామ్మా?"

కాదన్నాను.

"మరి పన్నెండు తావుల్లోనూ ఒగటే అని రాసినావే. టోపాలజీ యాడికీ పోదు. మొదటి పుస్తకానికి పో."

మొదటి పుస్తకమంటే అనాలిసిస్. డిగ్రీలో నాకు ఫస్టుక్లాసు వచ్చిన సబ్జెక్టు. ఒళ్లు మండిపోయింది. మూడు నెలలు ఆ వీధి మొహం చూడలేదు. కానీ బోరు మాట వదిలితే కదా. ఆఫీసులో అర్జీ టైపు చేస్తున్నా, 'ప్రతి' ముందొచ్చిందా, 'ఒక' ముందొచ్చిందా అని వెతుక్కునేదాన్ని. చివరికి సిగ్గు చంపుకొని వెళ్లి ఆ పుస్తకమే కుట్టమన్నాను. ఆయన సూదిలోకి దారం ఎక్కించారు.

టోపాలజీ తెరవడానికి ఏడాది పట్టింది. తెరిచాక మొదటి అధ్యాయం ఎక్కడా తడబడకుండా సాగిపోయింది. ఆ సంగతి చెబితే సార్ తలూపి, ఈసారి రానివి ఏవి అన్నారు.

నిరుడు ఎండల్లో ఆయన పోయారు. అప్పటినుంచి ఏ పుస్తకం పట్టినా పది పేజీలకే వదిలేస్తున్నాను. నిన్న రాత్రి ఇంటికొచ్చి, రాని లెక్కలన్నీ ముందేసుకొని, ఎక్కడ ఆగానో నేనే గీతలు గీసుకుంటూ పోయాను. అన్నీ ఒకే చోట ఆగాయి: లీనియర్ ఆల్జీబ్రా. మళ్లీ నాకు వచ్చనుకున్నదే. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

ఏం చదవాలో నాకు తెలిసింది సార్. అవునా కాదా అని అడగడానికే మీరు లేరు.